నీ నీలం చీర కార్న్‌వాల్ వెళ్తోంది

కమలా,

ఇంగ్లండ్‌లో సముద్రం ఒడ్డున నీచేత పాడిస్తానని, మన చర్చి క్వయర్ నడిపే నీ తమ్ముడు డేనియల్ మాటిచ్చాడు. కీమో వల్ల నువ్వు రిహార్సల్స్‌కి వెళ్లలేకపోతే, "రూల్ అందరికీ ఒకటే అక్కా" అని నిన్ను వదిలేసి క్వయర్‌ని తీసుకెళ్లాడు.

ఈ వేసవిలో మన ట్రాయ్ చర్చి క్వయర్ మళ్లీ అక్కడికే, కార్న్‌వాల్‌కి వెళ్తోంది. ఏం పాడాలో ఇంకా తేలలేదు గాని, రైస్ కుక్కర్ ఎవరు మోయాలో తేలిపోయింది.

నిన్న డేనియల్ కూతురు లిల్లీ వచ్చింది.

"మామయ్యా, అత్త క్వయర్ చీర నాకిస్తారా? ఆ నీలం ఇప్పుడు దొరకట్లేదు."

"పాడించేది మీ నాన్నేగా?"

"ఇంకెవరు?"

నువ్వు పెట్టిన మడత విప్పకుండా ఇచ్చేశాను. పాడించడానికి వాడు చెయ్యెత్తినప్పుడల్లా ఆ చీర ఎదురుగా ఉంటుంది. నిన్ను తీసుకుపోయిన జబ్బును ఎప్పుడో క్షమించాను. క్షమించలేనిది డేనియల్‌నే.