మైనస్ నాలుగు

మే 6, సోమవారం

క్యాంప్ మొదటి రోజు. అరవై రెండు మంది ఆడపిల్లలు, అరవై రెండు పరుపు చుట్టలు, నూట ఇరవై మూడు చెప్పులు. ఎవరి రెండో చెప్పు తప్పిపోయిందో సాయంత్రమైనా తేలలేదు.

ఈసారి నన్నెవరూ పాటలక్క అనలేదు. బస్సు దిగుతూనే ఒక గుంపు పాటల ఆంటీ అని అరిచింది. పదకొండేళ్లుగా ఇక్కడ పాటలు నేర్పిస్తున్నదాన్ని, ఆ మాటకి సిద్ధంగా ఉండాల్సింది. లేను.

పాస్టరమ్మగారు ఎదురొచ్చి తేనె సీసా చేతిలో పెట్టారు. ఈ రెండు నెలల్లో నాకొచ్చిన నాలుగో సీసా. చర్చిలో ఆడవాళ్లందరికీ ఉన్నట్టుండి నామీద ప్రేమ పొంగుకొచ్చింది.

కీబోర్డు దగ్గర ఎప్పటిలాగే పొట్టి. సండే స్కూల్లో పెట్టిన పేరు అది, ఇప్పుడు నాకంటే జానెడు పొడుగు. ఇరవై ఆరేళ్ల స్నేహం. మార్చిలో గొంతు డాక్టరు కెమెరా పెట్టి చూసి, నా స్వరపేటికలో గింజంత గడ్డ ఉందన్నాడు. ఆర్నెల్లు పాడొద్దు, గట్టిగా మాట్లాడొద్దు, కుదిరితే అసలు మాట్లాడొద్దు అన్నాడు. ఆ సంగతి డాక్టరుకి, నాకు, పొట్టికి తప్ప నాలుగో మనిషికి తెలియదు. అమ్మకి కూడా చెప్పలేదు. తెలిస్తే పాటలు ఇంకొకరి చేతిలోకి పోతాయి. ఏడాదంతా కళ్లజోళ్ల షాపులో కూర్చుని కింది వరస చదవండి, కింది వరస చదవండి అంటాను. ఈ ఏడు రోజులే నేను మనిషిని.

పొట్టి గుట్టు నా దగ్గర ఉంది. ఎడమ చేతి చిటికెన వేలు ఏడాదిగా దాని మాట వినడం లేదు. అది తడబడ్డచోట నేను చప్పట్లు గట్టిగా కొట్టి కప్పేస్తాను. నా గొంతుని అది బటన్‌తో కప్పుతుంది. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ అని ఉంటుంది. నొక్కితే వేళ్లు అవే మెట్ల మీద ఆడతాయి, శ్రుతి మాత్రం కిందికి దిగుతుంది. నిరుడు మైనస్ రెండు. ఈసారి స్క్రీన్ మీద మైనస్ నాలుగు. ఎవరి తరమూ కాదు కనిపెట్టడం.

మే 7, మంగళవారం

ముందు వరసలో ఒక పిల్ల ఉంది. తొమ్మిదేళ్లు, బిగించిన రెండు జడలు. నోరు కదుపుతుంది, శబ్దం రాదు. మూగనోము పట్టావా అన్నాను. అందరూ నవ్వారు. సాయంత్రానికి క్యాంపంతా దాన్ని మూగనోము అనే పిలుస్తోంది.

ముగింపు పాట మొదలుపెట్టాం. ఆదివారం తల్లిదండ్రుల ముందు, చర్చి మెట్ల మీద పాడేది. మొదటి వరస నేనొక్కదాన్నే పాడతాను. ఆ వరస చివర 'వెలుగు' అన్న మాట దగ్గర పాట ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ మాట నేను ముగించాకే పిల్లలు అందుకుంటారు. పదకొండేళ్ల ఆనవాయితీ.

మూగనోముని లేపి ఒంటరిగా పాడమన్నాను. రెండు మాటలు గొణిగి ఆగిపోయింది. నోరు తెరవవే అని కసిరాను. కిందికి అందట్లేదు ఆంటీ అంది. పైకి అందకపోవడం విన్నాను గానీ కిందికి అందకపోవడం ఏంటని మళ్లీ నవ్వించాను. ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది.

టీ తాగుతూ పొట్టి, చిన్నపిల్లలకి శ్రుతి మరీ కిందికి పోతోందేమో, ఒక్క మెట్టు పెంచుదామా అంది. వాళ్లు నోరు తెరవడం లేదు, అంతే, అన్నాను.

మే 8, బుధవారం

నవ్వినా నొప్పి. ఉప్పునీళ్లు ఆరుసార్లు.

మే 9, గురువారం, రాత్రి

రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక గంట పడుకుని గొంతుకి విశ్రాంతి ఇస్తున్నాను. ఇవాళ నిద్ర పట్టలేదు. భోజనాల హాల్లోంచి పాట వినిపించింది. పక్క బిల్డింగులో ఇంకేదో క్యాంప్ దిగిందా అనుకున్నాను. అంత తేటగా ఉంది. తర్వాత మాటలు అర్థమయ్యాయి. అది మా పాటే. మా పిల్లలే. పాత శ్రుతిలో.

చెప్పుల్లేకుండా వెళ్లి కిటికీ పక్కన నిలబడ్డాను, దొంగలాగా. పొట్టి వాయిస్తోంది. పిల్లలు బల్లల మధ్య నిలబడి పాడుతున్నారు. నేను నేర్పిన పాట, నేను లేకుండా. లోపలికి వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో ఇప్పటికీ తెలియడం లేదు.

మధ్యాహ్నం ఏం చేశావని సాయంత్రం పొట్టిని మామూలుగా అడిగాను. పిల్లలు గోల చేస్తుంటే ఊరికే ఆడించానంది. కళ్లలోకి చూసే అంది.

మే 10, శుక్రవారం

పాటల చార్టు రాయడానికి మార్కర్ కోసం ఆఫీసు గదికి వెళ్లాను. సొరుగులో మార్కర్ లేదు. స్త్రీల కూటం వాళ్ల ప్రార్థన అంశాల పుస్తకం ఉంది. ఎవరికి ఏ కష్టం వచ్చినా అందులో రాస్తే ఆ వారమంతా ఆడవాళ్లు ప్రార్థన చేస్తారు. తెరవకుండా ఉండాల్సింది.

మార్చి 17. ఆరో నంబరు ఎవరిదో మోకాలి నొప్పి. ఎనిమిది ఎవరి మనవడివో పరీక్షలు. మధ్యలో ఏడు: మన పాటల సిస్టర్ గొంతులో గడ్డ. ఎక్కడా అనకుండా ప్రార్థించగలరు.

పొట్టి చేతిరాత. నోట్సు కాపీ కొట్టిన రోజుల నుంచి తెలిసిన రాత.

నేను దానికి చెప్పింది మార్చి 14న. మూడు రోజులు. నలభై మంది ఆడవాళ్లు, ఎక్కడా అనకుండా!

ఆ తేనె సీసాలు అందుకా. నన్ను చూసి ముచ్చటపడి ఇచ్చారనుకున్నాను, పిచ్చిదాన్ని. ఒక్కొక్కరికీ థాంక్స్ కార్డు కూడా రాశాను.

మే 11, శనివారం

పొట్టితో మాట్లాడలేదు. గొంతు నొప్పి అన్నాను. అబద్ధం కాదు.

మే 12, ఆదివారం, ఉదయం 6

ఒక్కటే అడిగాను. ఇవాళ మైనస్ నాలుగే కదా అని. దానికి ఒక అవకాశం ఇద్దామనే అడిగాను. మైనస్ నాలుగేనే, నువ్వు కంగారుపడకు అంది. నా కాలర్ సరిచేసింది కూడా.

అదే రోజు, సాయంత్రం

తల్లిదండ్రులు కుర్చీల్లో. పిల్లలు మెట్ల మీద. పొట్టి వాయించడం మొదలుపెట్టగానే తెలిసిపోయింది. సున్నా. పాత శ్రుతి. దానివైపు చూశాను. అది కీబోర్డు మెట్లవైపే చూస్తోంది, జీవితంలో మొదటిసారి వాటిని చూసినట్టు.

ఆపేసి మళ్లీ మొదలుపెట్టమనొచ్చు. మూడు వందల మంది ముందు ఏమని అడగను? మొదలుపెట్టాను. ఐదు మాటలు బాగానే వచ్చాయి. 'వెలుగు' దగ్గర గొంతు తెగింది. బొంగురు కూడా కాదు, ఉత్త గాలి.

ఎవరూ ఉలిక్కిపడలేదు. అదే నన్ను చంపేసింది. ఆ మాట నేలమీద పడకముందే పిల్లలు అందుకున్నారు, ఒక్క క్షణం తేడా లేకుండా. నా గొంతు ఎక్కడ తెగుతుందో అరవై రెండు మందికీ ముందే తెలుసు. అక్కడ నిలబడి దానికోసమే కాచుకుని ఉన్నారు. పాస్టరమ్మగారు కళ్లు మూసుకుని ఉన్నారు. నాకోసం ప్రార్థన కాబోలు.

ఇంకొకటి రాయాలి. రాయకపోతే ఈ డైరీకి కూడా అబద్ధం చెప్పినట్టవుతుంది. అందరికంటే తేటగా వినిపించిన గొంతు మూగనోముది. తల వెనక్కి వాల్చి, మెడ నరాలు కనిపించేలా, ఏ కష్టం లేకుండా పాడింది. ఐదు రోజులు ఆ పిల్ల నోరు మూయించింది నేను.

చేతులు ఊపుతూనే ఉన్నాను, చివరిదాకా. ఏం ఊపానో తెలియదు.

మే 13, సోమవారం

పరుపులు లెక్కపెడుతుంటే పొట్టి వచ్చింది. అడిగాను, వచ్చినంత గొంతుతో. ఒక్కదాన్నే మోయలేక ప్రార్థనలో పెట్టానంది. క్యాంప్ కమిటీ నిన్ను ఈ ఏడాది తీసేద్దామంటే మొదటి వరసైనా దానికి ఉంచండని నేనే కాళ్లావేళ్లా పడ్డానంది. శ్రుతి పెంచితేనే అని వాళ్లు షరతు పెట్టారట. మరి పొద్దున మైనస్ నాలుగని ఎందుకన్నావంటే, నిజం చెప్తే నువ్వు మెట్లెక్కేదానివి కాదుగా అంది. పిల్లలకి అందట్లేదని నీకు చెప్పలేదా, నువ్వు విన్నావా అని కూడా అంది.

గదికి వచ్చి మే 7 తిరగేశాను. ఉంది. నా రాతలోనే ఉంది.

అయినా క్షమించలేను. పిల్లల విషయంలో దానిదే న్యాయం. కానీ ఆ బటన్ నా ముందే నొక్కి, ఇంక చాలే అని ఒక్క మాట అనొచ్చు. ఏడ్చేదాన్ని, తిట్టేదాన్ని, ఆ తర్వాత నేనే పక్కకి తప్పుకుని ఆ పిల్లతో మొదటి వరస పాడించేదాన్ని. పాడించేదాన్నేనా? ఏమో. ఆ సంగతి తెలుసుకునే వీలు కూడా నాకు లేకుండా చేసింది.

బస్సెక్కేటప్పుడు మూగనోము నా దగ్గరకి వచ్చింది. క్షమించమని అడిగాను. దేనికో దానికి అర్థం కాలేదు. తన రెండో చెప్పు దొరికిందని చూపించింది.

జూన్ 2, ఆదివారం

ఆరాధన చివర, ప్రార్థన అంశాలు ఎవరైనా చెప్తారా అని పాస్టరమ్మగారు అడిగారు. లేచాను. అందరూ తిరిగి చూశారు.

పొట్టి ఎడమ చేతిని కీబోర్డు మీద నుంచి తీసి ఒడిలో దాచుకుంది.

దాని వేలి సంగతి చెప్పేస్తాననుకుంది. ఇరవై ఆరేళ్ల తర్వాత, నేనూ చెప్పేస్తాననే అనుకుంది.

ఏమీ లేదని చెయ్యి ఊపి కూర్చున్నాను. డాక్టరు మాట్లాడొద్దన్నాడు.