బారాత్‌ల మాడిన గేర్‌బాక్స్

తమ్మీ స్టీఫెనూ,

కారు స్టార్ట్ చెయ్యకు. తాళాలు నేనే తీస్కపోతున్న. మెకానిక్ వస్తడు, ఇంట్లనే ఉండు.

అక్కకు ఆటోమేటిక్ నడపరాదు, అందుకే గేర్‌బాక్స్ ఖరాబైందని దుబాయ్‌ల ఉన్న బాపుకు చెప్పినవట. బాపు ఫోన్ చేసి, ఇగ కారు ముట్టకు అన్నడు. గీ పొద్దు డ్యూటీకి బస్సుల పోతున్న.

నిన్న మానేరు బ్రిడ్జి మీద ఇంజన్ ఒకటే మొత్తుకున్నది గని బండి ముందలికి గుంజలే. ఇంటికొచ్చి గేర్ ఆయిల్ చూసే పుల్ల తీసిన. ఎర్రగుండే ఆయిల్ డికాషన్ లెక్క నల్లగైంది, మాడు వాసనొస్తుంది. గది నా నడపుడుతోని కాలే.

మొన్న జమ్మికుంటల నీ దోస్తు పెండ్లి బారాత్ వీడియో నువ్వే స్టేటస్ పెట్టినవ్ గదా. కొత్తగ పెట్టించిన సైలెన్సర్ పటాకుల లెక్క పేలాలని బండి గేర్ల ఉండంగనే బ్రేక్ తొక్కిపట్టి రేస్ ఇచ్చుకుంటనే ఉన్నవ్. వెనుక బ్రేక్ లైట్లు ఒక్కసారి గూడ ఆరలే. బండి కదలకపాయె, గా వేడంత గేర్‌బాక్స్‌లకే పాయె. బారాత్ నీది, బద్నాం నాదా?

మెకానిక్‌కు ఉన్నదున్నట్టు చెప్పు, లేకపోతే ఆయన ఇంకేదో విప్పుకుంట కూసుంటడు. బాపుకు గూడ నువ్వే చెప్పాలె, నేను చెప్ప. స్టేటస్ తీసేసినా ఫాయిదా లేదు, వీడియో నా ఫోన్ల ఉన్నది.

మహిమక్క

మటన్ కూర పొయ్యి మీద ఉంది. మూలుగ బొక్క నీకే ఉంచిన. బాపుకు ఫోన్ చేసినంకనే మూత తియ్యి.