ఒడ్డు తడిసింది

సెప్టెంబరు 15
తమ్ముడు దానియేలు గద్వాల పోయి ఫ్లెక్సీ తెచ్చాడు. ఇటిక్యాల చౌరస్తాలో కట్టించాడు. అంతర్జాతీయ ఆటల్లో మన ఊరి బిడ్డ కరుణ — అని పెద్ద అక్షరాలు. ఈత బట్టల ఫోటో వద్దని, చున్నీ వేసుకున్న పదో తరగతి ఫోటో వేయించాడు. పక్కన తన బొమ్మ. బిడ్డది చిన్నగా, తండ్రిది పెద్దగా.

"సగం బట్టలేసుకొని మందిల దుంకుతదా నా బిడ్డ?" — ఆటల హాస్టల్‌కు పంపిన నాడు ఈ మనిషే అన్నాడు. పంపింది నేనని నాతో చాలా కాలం మాట్లాడలేదు.

సెప్టెంబరు 16
పొద్దుటి ప్రార్థన. కీర్తన సగంలో ఆగిపోయింది. గొంతు బాగానే ఉంది.

సెప్టెంబరు 18
కరుణ ఫోన్. తండ్రికి కాదు, నాకు. కుడి భుజం నొప్పి తగ్గలేదట. దూకడం నేర్పే సారుకు ఇంకా చెప్పలేదట. పది మీటర్ల ప్లాట్‌ఫారం మీంచి చూస్తే నీళ్లు బండలాగా కనిపిస్తున్నాయట.

"ఎక్కుతుంటే కాళ్లు వణుకుతున్నయ్ అత్తా. చెప్తే సారు ఆపేస్తడు. చెప్పాల్నా?"

"చెప్పు బిడ్డా. దిగిరా."

"మరి నాయిన?"

"నాయినకు నేను చెప్త."

మధ్యాహ్నం అన్నం పెట్టి చెప్పాను. తమ్ముడు ముద్ద ఆపలేదు. "బాయిలు తవ్వినప్పుడు నా బుజం నొయ్యలేదా అక్కా? మంగళారం బడి గోడకు తెర కట్టిస్తున్న. ఊరంత వస్తది. ఇప్పుడు దిగొస్తే నా మొకం యాడ పెట్టుకోవాలె?" ఎంగిలి చేత్తోనే ఫోన్ చేశాడు. "ఎక్కు బిడ్డా. ఏం గాదు."

అవతల నుంచి — "సరే నాయినా."

అంతే.

సెప్టెంబరు 21, ఆదివారం
గుడిలో తమ్ముడు సాక్ష్యానికి లేచాడు. దేవుడు మేలు చేశాక లేచి చెప్పేది సాక్ష్యం. ఈయన ముందే చెప్పేశాడు. పతకం మెడలో పడ్డట్టే. అందరూ స్తోత్రం అన్నారు. పాస్టరమ్మ నా వైపు చూసింది. నేను అనలేదు.

సెప్టెంబరు 23
రాయాలి.

తెర ముందు ఊరంతా. ముందు చైనా పిల్ల దూకింది. సూది దిగినట్టు దిగింది, నీళ్లు కదిలీ కదలనట్టు. మావాళ్లు నవ్వారు. "గదేం దుంకుడు! చుక్క లేవలే." "మన బాయిల గట్ల దుంకితే మల్లోసారి దుంకనియ్యం."

నిజమే. మా బావిలో ఒడ్డు మీద కూర్చున్నవాళ్లను తడిపినవాడే మొనగాడు. చిన్నప్పుడు తమ్ముడిని మించినవాడు లేడు. కరుణను మొదట దూకించింది కూడా అతనే.

అక్కడ లెక్క వేరు. నీళ్లు ఎంత లేస్తే అంత ఓటమి. కరుణ నాకు ఏనాడో చెప్పింది. తండ్రికీ చెప్పింది. "పిచ్చి లెక్క" అని నవ్వాడు. మరిచాడు.

కరుణ అంచున నిలబడింది. కుడి భుజం కొంచెం కిందికి… నాకు కనిపించింది. దూకింది. గాలిలోనే ఒరిగిపోయింది. వీపు పెట్టి పడింది. నీళ్లు మనిషెత్తు లేచాయి.

ఊరంతా లేచింది.

"ఒడ్డు తడిసిందిరో!" — తమ్ముడి కేక. పటాకుల దండ అంటించారు.

"ఆపుండ్రి" అన్నాను. ఎవరికీ వినపడలేదు. తెర మీద కరుణ ఎడమ చేత్తో గట్టు పట్టుకుని ఉంది. ఎక్కలేకపోతోంది. ఇద్దరు వచ్చి పైకి తీశారు. పొగలో ఎవరు చూశారు?

గంట తర్వాత అక్కడి దవాఖాన నుంచి కరుణ ఫోన్. ఇక్కడ పటాకులు ఇంకా పేలుతూనే ఉన్నాయి.

"ఏందత్తా ఆ సప్పుడు? పెండ్లా?"

"ఎవరిదో" అన్నాను. అబద్ధం. ప్రభువా.

 "నాయిన గొంతు వినొస్తుంది" అంది. పెట్టేసింది.

సెప్టెంబరు 24
పేపర్లో చిన్న ముక్క. చివరి స్థానం. బడి పంతులు చదివి వినిపించాడు, నీళ్ల లెక్క కూడా చెప్పాడు. తమ్ముడు విన్నాడు. మొదట, "గా రూలు పెట్టినోడెవడు?" తర్వాత నా వైపు తిరిగి, "నీ ప్రార్థన సాల్లేదక్కా."

పప్పులో ఉప్పు వేశాను. ఇంకోసారి కూడా వేశానేమో. ఎవరూ తినలేకపోయారు.

సెప్టెంబరు 28, ఆదివారం
తమ్ముడు గుడికి రాలేదు. ఎవరూ అడగలేదు. 

అక్టోబరు 4
ఫ్లెక్సీ విప్పుకొచ్చాడు. వాకిట్లో పరిచి మక్కజొన్నలు ఎండబోశాడు. పాడైతే కదా పారేసేది, అన్నాడు.

అక్టోబరు 7
కరుణ వచ్చింది. చెయ్యి మెడకు కట్టి ఉంది. వాకిట్లో ఆగింది. కాలితో మక్కలు కాస్త జరిపింది. తన ముఖం సగం తేలింది.

"చున్నీ మంచిగుందత్తా" అంది. నవ్వింది. ఆ నవ్వు నేను నేర్పింది కాదు.

తమ్ముడు లోపలే ఉన్నాడు. మంచం చప్పుడైంది. బయటికి రాలేదు.

అక్టోబరు 8
తల దువ్వాను. భుజం వైపు తాకకుండా. 

అక్టోబరు 10
పొద్దున సారు ఫోన్ చేశాడు. భుజం కుదురుతుందట, మళ్లీ ఎక్కవచ్చట. వస్తుందో రాదో సాయంత్రం చెప్పమన్నాడు.

కరుణ ఫోన్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "నువ్వే చెప్పత్తా. దిగిరమ్మన్నది నువ్వొక్కదానివే."

"నీకేం కావాలె బిడ్డా?"

"నాకు తెల్వదు. అప్పుడు ఎవ్వలన్న అడిగిన్రా?"

తమ్ముడు గడప దగ్గరికి వచ్చాడు. ఏదో అనబోయాడు. నేను కళ్లెత్తి అతని వైపు చూశాను. వెళ్లిపోయాడు.

మధ్యాహ్నమంతా మోకాళ్ల మీదే. ప్రభువును పోనిమ్మని అడగనా, ఉంచమని అడగనా… తేలలేదు. 

ఇప్పుడు సాయంత్రం. కిటికీలోంచి కరుణ కనిపిస్తోంది — బావి గట్టు మీద కూర్చుంది, కాళ్లు లోపలికి వేసి, ఎడమ చేత్తో మక్కలు ఒక్కొక్కటే నీళ్లలోకి విసురుతోంది. చప్పుడు రావడం లేదు.

ఫోన్ మోగుతోంది, సారుదే.