కనకయ్య అక్షరాలు

అన్నకు నీ చెల్లె దండాలు. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగున్నాను, నిజంగా బాగున్నాను, ఫికర్ చేయకు. ఇక్కడ రోజూ వాన. నిజాంపేట హాస్టల్లో పప్పు నీళ్లలా ఉంటుంది. వదిన కారప్పొడితో నెట్టుకొస్తున్నాను.

ఫోన్లలో కనిపించే తెలుగు అక్షరాలు గీయడమే గచ్చిబౌలి ఆఫీసులో నా పని అని చెప్పాను కదా. మొదటిసారి గీసినవన్నీ మా మేడమ్ తిప్పి పంపింది. “అక్షరాలకు టోపీలు పెట్టినట్టుంది. సోమవారం దాకా చూస్తా” అంది. అప్పటికి కుదరకపోతే ఉద్యోగం పోయినట్టే. నా తప్పేమిటంటే, తలకట్టు ఒక్కటే గీసి అన్నిటికీ అతికించాను. బస్సులో ఏడ్చేశాను అన్నా.

మర్నాడు మా పెద్ద సార్ కాగితం మీద కూడిక గుర్తు గీశాడు. “ఒకప్పుడు మన ‘క’ గిట్లనే ఉండె బిడ్డా. తాటాకు మీద అడ్డగీత గీస్తే ఆకు చినుగుతదని గుండ్రంగ రాసిండ్రు. పైన గంటం ఆనిన గుర్తే పెరిగి తలకట్టయింది. ఒక్కో అక్షరానికి ఒక్కో తీరు. నువ్వేమో అన్నిటికి ఒకటే పెడితివి” అన్నాడు.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. చిన్నప్పుడు టీ కొట్టు బోర్డు మీద తలకట్లు తప్ప అక్షరాలన్నీ రాసేసి, నన్ను స్టూలెక్కించి కుంచె ఇచ్చేవాడివి. “అక్షరం ఎటు వంగిందో చూసి తలకట్టు పెట్టు చెల్లె” అనేవాడివి. ఆదివారం కుంచె కొనుక్కొని, పాత పేపర్ల మీద నీలాగే రాశాను. తలకట్లు చివరన, ఒక్కోదానికి ఒక్కో తీరుగా పెట్టి, అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాను.

సోమవారం మేడమ్ ఆ అక్షరాలతో ఆ రోజు వంటల పేర్లు చిన్న ఫోన్లో పెట్టి, క్యాంటీన్‌లో పనిచేసే యాదమ్మకిచ్చింది. ఆమె అద్దాలు కూడా పెట్టుకోకుండా “వంకాయ కూర, పెరుగన్నం” అని గడగడా చదివి, “ఇంతేనా?” అంది. ఉద్యోగం ఖాయమైంది అన్నా!

“ఎవరి చేతిరాత ఇది?” అని మేడమ్ అడిగితే, “మా అన్నది” అన్నాను. ఈ అక్షరాలకు నీ పేరే పెడదామంది. నిన్నడక్కుండా సరేనంటే నా వీపు చిట్లగొడతావని ఆగాను.

ఫ్లెక్సీలొచ్చిన రోజు “ఇగ నా రాత ఎవనికి గావాలె?” అని కుంచెలు అటకెక్కించావు. ఆ మాట నాకు ఇప్పటికీ మంటే. యాదమ్మకు కావాలి అన్నా. నాకు కావాలి. ఒప్పుకుంటే కుంచెలు దించి, ‘కనకయ్య’ అని పెద్దగా రాసి బస్సు పార్సిల్లో పంపు.

అమ్మకు, పెద్దమ్మకు నా దండాలు చెప్పు. మీ దీవెనలుంటే చాలు.

నీ చెల్లె
సరిత

తా.క. తలకట్లు మాత్రం పెట్టకు. అవి నా పని.