కనబడని మంట

17 సెప్టెంబర్ 1987, రాత్రి



బావ జపాన్ నుంచి తెచ్చిన రిమోట్ బొమ్మ ట్రక్కు ఇంజను పొద్దున్న మొదటిసారి స్టార్టయింది. కొత్త ఇంజను కదా, బండిని ఇటుక మీద ఎత్తి, చక్రాలు గాల్లో ఉంచి, ఒక ట్యాంకు అయ్యేదాకా నెమ్మదిగా తిప్పాను. ఆపి రెండో ట్యాంకు ఇంధనం పోస్తుంటే కాస్త బండి ముందు అరుగు మీద ఒలికింది. అంతలో అమ్మ హారతి పళ్ళెంతో వచ్చి, ట్రక్కు ముందు బంతిపూల దండ పెట్టింది.

"విశ్వకర్మ పూజనాడు హారతి ఇవ్వకుండా బండి తోల్తారేట్రా?"

"ఆగమ్మా!" అనేలోపే కర్పూరం బిళ్ళ జారి ఒలికిన చోట పడింది.

కర్పూరం బిళ్ళ వెలుగు తప్ప చుట్టూ మంట లేదు, పొగ లేదు. ఎండలో దండ మాత్రం దానంతటదే నల్లబడి ముడుచుకుపోతోంది.

"ఏటైందిరా? పూలిలా వాడిపోతన్నాయేటి?" అంటూ అమ్మ వంగి చెయ్యి చాపింది. ఆమెను వెనక్కి లాగి, తడి గోనెసంచి కప్పాను.

ఆ ఇంధనంలో ఉండే మిథనాల్ మంట పగలు కంటికి కనబడదని మా రసాయనాల ప్లాంటులో కొత్తవాళ్ళకు పాఠం చెప్పేది నేనే. అమ్మకు మాత్రం చెప్పలేదు.

ఇందాక దండెం మీద ఆమె విప్పేసిన పూజ చీర చూశాను. కొంగు అంచు బెత్తెడు మేర మాడిపోయి ఉంది. ఎప్పుడు అంటుకుందో, ఎలా ఆరిందో ఆమెకీ తెలియదు, నాకూ తెలియదు.