అంగారకుడి మీద పనికి పోయినవాళ్లు

రాజవ్వా,

నా వంకర రాతకూ, అక్షరాల తప్పులకూ ఏమనుకోకు.

నువ్వు కన్నుమూసి నేటికి ఏడాది. నువ్వు బీడీలు చుడుతుంటే నేను మాయల కథలు చదివేవాణ్ణి కదా. ఇప్పుడు కోడలు లావణ్య చుడుతుంటే చదువుతున్నాను. ఈసారి సిరిసిల్ల లైబ్రరీలో దొరికింది అంగారకుడి మీద పనికి పోయిన కూలీల కథ. అక్కడ యంత్రం చెడిపోయి, వాళ్ల మాట ఇంటికి అందదు.

దుబాయ్‌లో మన కొడుకు రమేశ్ పనిచేసే కంపెనీ మూతపడిందట. చాలా రోజులుగా వాడి ఫోన్ లేదు.

నిన్న లావణ్య ఆకు కత్తిరించడం ఆపింది.

"మామా, గాళ్లు వాపస్ అస్తరా?"

"ఇంకా గంత దూరం సదువలే బిడ్డా."

"అబద్ధం! పొద్దుగాల ఆఖరి పేజీ తిప్పినవ్, నేను చూసిన."

"కండ్లద్దాలు లేకుండ తిప్పిన. ఏం కనవడలే."

నవ్వింది గానీ, ఫోన్ వైపే చూసింది.

నిజానికి చదివాను. ఒక్కరూ తిరిగి రాలేదు.

కథ మార్చి చదివితే నువ్వు ఒప్పుకునేదానివి కాదు. అప్పుడు రమేశ్ ఇంట్లోనే ఉండేవాడు. రేపు ఉన్నదున్నట్టు చదవనా? లేక కథ మార్చి వాళ్లందరినీ నేనే ఇంటికి తీసుకురానా? లావణ్య బీడీల చాట ఒళ్లో పెట్టుకునేలోపే జవాబు రాయి.

నీ మల్లయ్య