అత్త నాటకం, అల్లుడి పంపకం

కురుగోడు

చిరంజీవి మోహన్‌కృష్ణకు మేనత్త సుభద్రమ్మ ఆశీస్సులు.

ఫోనులో అరిస్తే గొంతు పోతుంది, నాకు పద్యాలు పాడే పని ఉంది. అందుకే రాస్తున్నాను. మన పద్యనాటకాన్ని స్టూడియో నాగవేణి వీడియో తీసి యాప్‌లో పెట్టింది. చూడాలంటే వంద రూపాయలు. నెలయింది, కొన్నవాళ్ళు పదకొండు మంది. సంతకు వెళ్తే మాత్రం ప్రతి ఫోనులోనూ నా పద్యమే. ఎవడో దొంగ పంచుతున్నాడు. కౌల్ బజార్‌లో ఫోన్ల షాపు పెట్టినవాడివి, వాణ్ణి పట్టుకో. ఉగాదిలోగా రెండు వందల మంది కొనకపోతే తెరలు, లైట్లు అమ్మేసి బృందాన్ని మూసేస్తానని అందరికీ చెప్పేశాను.

నీ మేలు కోరే అత్త

తా.క. నిన్న మన వీధి యల్లమ్మ దారిలో ఆపి, "అక్కా, మూడో అంకంలో నీ బొమ్మ ఆగిపోతాండాది, మంచి కాపీ ఉంటే పంపు" అంది. దొంగ సరుక్కి రిపేరు కూడా నేనే చేయాలట.

బళ్ళారి

అత్తకు మోహన్‌కృష్ణ నమస్కారాలు.

దొంగ ఎవడూ లేడు. పంచింది నేనే! రీఛార్జికి వచ్చిన ప్రతివాడి ఫోనులోనూ ఎక్కిస్తున్నాను. "మా అత్త నాటకమప్పా, దుడ్డేమీ వద్దు" అంటే ఎంత సంతోషపడుతున్నారో! మూడో అంకం ఆగుతోందని రాశారు కదా. మంచి కాపీ మళ్ళీ అందరికీ పంపాను. ఇక యల్లమ్మకు ఇబ్బంది ఉండదు.

మీ పేరు నిలబెట్టే అల్లుడు

తా.క. మీ పదకొండు మందిలో ఒకణ్ణి నేనే. నేను కొనకపోతే ఇంతమందికి ఎలా పంచుతాను?

కురుగోడు

మోహన్‌కృష్ణకు అత్త రాసేది.

నువ్వు ఒక టికెట్టు కొని లోపలికి వెళ్ళి, వెనక తలుపు తీసి బళ్ళారినంతా కూర్చోబెట్టావు. నాయనా, పంచడం ఆపు. డబ్బు కట్టకుండా చూడటం తప్పని అందరికీ చెప్పు.

కోపంతో, అత్త

తా.క. మన హార్మోనియం వెంకటరామి స్కూలు బస్సు డ్రైవరు పనికి వెళ్ళాడు. హారను మీద మోహన రాగం పలికించి చూపించాడట. ఉద్యోగం రాలేదు.

బళ్ళారి

అత్తకు నమస్కారాలు. మీరు చెప్పినట్టే చేశాను.

"దుడ్డు కట్టకుండా చూసేది తప్పప్పా" అని నా గొంతుతోనే రికార్డు చేసి, వీడియో మొదట్లో అతికించి, నాటకంతో సహా అన్ని గ్రూపులకూ పంపాను. జనానికి బాగా నచ్చింది. ఇంకా ఎక్కువ పంపుకుంటున్నారు.

ఒక్క తారానగర్ లారీల కేశవే గొడవ చేశాడు. రెండో అంకంలో, అతనికి పోటీగా లారీలు నడిపే గురునాథ్ ఐదు వందల పదహార్లు చదివించాడని వెంకటరామి మైకులో చెబుతాడు కదా, అక్కడ మండిపోయాడు. "వాని పేరు నా ఇంట్లో మోగేదేందప్పా? ఎంత కావాలో తీసుకో, ఆ పేరు తీసి నా పేరు పెట్టు" అన్నాడు. ఉచితంగా వచ్చేదానికి డబ్బెందుకని సర్దిచెప్పి పంపేశాను.

మీ మాట జవదాటని అల్లుడు

తా.క. ఆపమంటే నేను ఆపగలను. కానీ నేను పంపినవాళ్ళంతా తిరిగి నాకే పంపుతున్నారు. నిన్న ఒక్కరోజే తొమ్మిదిసార్లు వచ్చింది.

కురుగోడు

చిరంజీవి అల్లుడికి అత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి ముందు తల పట్టుకున్నాను, తర్వాత చెప్పులు వేసుకున్నాను. వెంకటరామిని, నాగవేణిని వెంటబెట్టుకుని తారానగర్ వెళ్ళాను. కేశవ పేరు చదివించిన ముక్క కొత్తగా తీసి, పాతదాని చోట అతికించి ఇచ్చాము. ఐదు వందల పదహార్లు చేతిలో పెట్టాడు. ఎవరికీ పంపవద్దని నేను అనేలోపే పది గ్రూపుల్లో పెట్టేశాడు.

సాయంత్రానికి గురునాథ్ బండేసుకొచ్చాడు. "ఏందక్కా ఇది? నా పేరు యాడ పోయింది?" అని, తన పేరుకొకటి, వాళ్ళ నాయన పేరుకొకటి తీయించుకున్నాడు. వాటినీ ఊరంతా పంచాడు. చూసినవాళ్ళకు పక్కింటివాళ్ళ పేరు వినడం కష్టంగా ఉంది. కొనుక్కున్నవాడు పంచుతాడు, అందుకున్నవాడు ఉడుక్కుని వచ్చి కొంటాడు. నిన్నటికి కొన్నవాళ్ళు రెండు వందల మంది దాటారు. తెరలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. ఉగాదికి కొత్త నాటకం ఆడుతున్నాము. పేర్లు చదివి చదివి వెంకటరామి గొంతు పోయింది. వాడికిప్పుడు నేను మిరియాల కషాయం కాస్తున్నాను.

గెలిచిన అత్త

తా.క. మేనల్లుడివి కనుక నీకు కాపీ ఉచితం. అందులో వెంకటరామి చదివింది ఇది: "కౌల్ బజార్ ఫోన్ల షాపు మోహన్‌కృష్ణగారు, అత్త కష్టాన్ని ఊరికే పంచిన మహాదాత, చదివించింది సున్నా రూపాయలు!" పొద్దున్నే అన్ని గ్రూపుల్లోనూ నేనే పెట్టాను. మార్పించుకోవాలంటే ఐదు వందల పదహార్లు. తొందరేమీ లేదు, నీకంటే ముందు నలభై మంది ఉన్నారు.